గేదె పొర్లుతుంటే ఒకేసారి రెండు స్ట్రాలు వేయిస్తే కడుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నల్గొండ వైపు ఎనిమిది ముర్రా గేదెలు, రెండు జెర్సీ సంకర ఆవులు. రెండు గేదెలకు మూడేసి సార్లు, ఒక ఆవుకు నాలుగు సార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించారు. ఏదీ చూడి కట్టలేదు. ఇలా కట్టకుండా మళ్లీ మళ్లీ ఎదకు రావడాన్నే పొర్లడం అంటారు. ఆవు ప్రతిసారీ 20–22 రోజులకు మళ్లీ ఎదకు వస్తోంది. ఒక గేదె 34 రోజులకు వచ్చింది. రెండో గేదె ఎప్పుడెప్పుడు వచ్చిందో రాసుకోలేదన్నారు. ఒకేసారి రెండు స్ట్రాలు (గడ్డకట్టించిన వీర్యం ఉన్న సన్నని గొట్టాలు) వేయించాలా, లేక దున్నతో దాటించేయాలా అన్నది మీ సందేహం.

రెండు స్ట్రాల వల్ల లాభం లేదు. మామూలు స్ట్రా పావు మి.లీ. ఉంటుంది. అందులో 2 కోట్ల వీర్యకణాలు ఉంటాయి. కరిగించాక వాటిలో సగమైనా చురుగ్గా కదలాలన్నది మన దేశంలో వీర్య కేంద్రాలు పాటించే ప్రమాణం. ఒక అండానికి అవి చాలవా? కొరత వచ్చేది కణాల లెక్కలో కాదు, గంటల లెక్కలో. అండం విడుదలైన వేళకు పనికొచ్చే కణాలు అక్కడ ఉన్నాయా లేదా అన్నదే అసలు సంగతి. కాబట్టి ముందు ఎద మొదలైన గంట పట్టుకోండి, తర్వాత సూది వేసే పద్ధతి చూడండి, ఆ తర్వాతే పశువులో లోపం వెతకండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మొదట స్ట్రాను అనుమానిస్తారు, తర్వాత వేసిన మనిషిని తిడతారు, ఆఖరికి గేదెను సంతకు తోలేస్తారు.

ఇంకో చిన్న లెక్క. అన్నీ సవ్యంగా ఉన్న మందలోనూ ఒక్కసారి సూదికి వందకు నలభై కడితే మంచి ఫలితమే. ఆ లెక్కన మొదటిసారికి 60 మిగులుతాయి, రెండోసారికి 36, మూడోసారికి 21 లేదా 22. అంటే ఏ జబ్బూ లేని వంద పశువుల్లో ఇరవై పైచిలుకు మూడు సూదుల తర్వాత కూడా ఖాళీగానే ఉంటాయి. మూడుసార్లు తప్పితే పశువైద్యులు దాన్ని పొర్లే పశువు కింద లెక్కేసి పరీక్ష చేయడం సరైనదే. కానీ ఆ మాట వినగానే అది గొడ్డుదని తేల్చేయకండి.

ఇక గంటల సంగతి. ఎద మొదలైన దగ్గర్నుంచి సుమారు 28–32 గంటలకు, అంటే ఎద లక్షణాలు తగ్గిన పది పన్నెండు గంటల తర్వాత అండం విడుదలవుతుంది. గేదెల్లో ఇది ఇంకాస్త అటూ ఇటూ అవుతుంది. విడుదలైన అండం ఆరు నుంచి పన్నెండు గంటలే పనికొస్తుంది. గడ్డకట్టించిన వీర్యంలోని కణాలు లోపల దాదాపు ఒక రోజు బతుకుతాయి. పైగా లోపలికి వెళ్లగానే అవి అండంలోకి చొచ్చుకుపోలేవు, సిద్ధం కావడానికి ఆరు గంటల దాకా పడుతుంది. ఇవన్నీ కలిపి చూస్తే, ఎద మొదలైన 12 నుంచి 18 గంటల మధ్య సూది పడాలి. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం అనే పాత సూత్రం ఇందులోంచి వచ్చిందే.

అయితే ఆ సూత్రంలో ఒక మెలిక ఉంది. మీకు కనిపించిన వేళ వేరు, ఎద మొదలైన వేళ వేరు.

గేదె రాత్రి 10కి ఎదకు వచ్చిందనుకోండి. మీరు ఉదయం 6కి చూశారు, గోపాలమిత్రకు (ఊళ్లో సూదులు వేసే కార్యకర్తకు) ఫోన్ చేశారు, ఆయన 8కే వచ్చి వేసి వెళ్లాడు. అప్పటికి అయింది పది గంటలే. అండం పడేది మర్నాడు తెల్లవారుజామున 4 ప్రాంతంలో. కణాలు ఇరవై గంటలు కాచుకుని ఉండాలి, అప్పటికి చాలావరకు చచ్చిపోతాయి. అదే సూది ఆ మధ్యాహ్నం 3కో సాయంత్రం 4కో పడితే సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు దీనికి ఉల్టా. ఎద తెల్లవారుజామున 4కి మొదలైంది. ఉదయం పాల హడావుడిలో ఎవరూ చూడలేదు. సాయంత్రం 6కి కనిపించింది. సూత్రం ప్రకారం మర్నాడు 8కి వేయించారు. అప్పటికి 28 గంటలు. రెండు మూడు గంటల్లో అండం పడిపోతుంది, కణాలు సిద్ధమయ్యేసరికి దాని ఓపిక సగం అయిపోతుంది. ఇలాంటప్పుడు సాయంత్రమే వేయించాల్సింది. ఉదయం అది ఎదలో లేదని మీరు గట్టిగా చెప్పగలిగితేనే మర్నాటి దాకా ఆగండి.

అందుకే రోజుకు మూడుసార్లు చూడండి: తెల్లవారుజామున 5కి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి 10కి. ప్రతిసారీ పదిహేను, ఇరవై నిమిషాలు. చేతిలో పాల బకెట్టు, ఫోన్ లేకుండా ఊరికే నిలబడి చూడాలి. రాత్రి చూపు చాలామంది మానేస్తారు, గేదెల్లో ఎద ఎక్కువగా మొదలయ్యేది రాత్రి చల్లపడ్డాకే.

ఆవులో ఎద పట్టుకోవడం తేలిక. పక్క ఆవు మీదికెక్కితే కదలకుండా నిలబడుతుంది, తోక పక్కన తీగ (మానం నుంచి కారే జిగురు) వేలాడుతుంది, అరుస్తుంది, మేత మానేస్తుంది. గేదె దగ్గర ఇవన్నీ ఆశించకండి. ఆడగేదెలు ఒకదానిమీద ఒకటి ఎక్కడం అరుదు. తీగ కూడా వేలాడదు, లోపలే నిలిచి, గేదె పడుకున్నప్పుడో లేచేటప్పుడో జారి నేలమీద పడుతుంది. కాబట్టి తెల్లవారుజామున గేదెల్ని లేపకముందే వాటి వెనక నేల చూడండి. గుడ్డులోని తెల్లసొనలా మెరిసే జిగురు కనిపిస్తే ఆ గేదె చెవి పోగు నంబరు రాసుకోండి. ఇంకా, మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, మానం ఉబ్బి ముడతలు పోయి నున్నగా కావడం, లోపలి పొర ఎర్రబారడం, చన్నులు బిర్రబిగియడం, రోజూ చేపే (పాలు దించే) గేదె ఆ పూట చేపకపోవడం. ఈ ఆఖరి గుర్తును పాలు తీసే మనిషే ముందు కనిపెడతాడు. పాలు తగ్గితే వెంటనే చెప్పమని అతనికి చెప్పి ఉంచండి. ఆ పూట దాణా ఎక్కువ తక్కువైందని మీరే సర్దిచెప్పుకుంటే ఆ నెల పోయినట్టే.

ఎండాకాలంలో గేదెల్లో మూగ ఎద ఎక్కువ. అండం విడుదలవుతుంది, పైకి ఏ గుర్తూ కనిపించదు. మన ప్రాంతంలో గేదెలు ఎక్కువగా సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎదకు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎద కోసం ఎదురుచూస్తూ బెంగపడే బదులు, ఆ కాలంలో పశువును చల్లగా ఉంచి, మేత సరిచేసి, చలికాలానికి సిద్ధం చేసుకోవడం నయం. ఎనిమిది గేదెలకు శుక్రనాళం కోయించిన (ఎక్కుతుంది కానీ చూడి కట్టించలేని) దున్నపోతును పెంచడం ఖర్చుతో కూడుకున్నదే. నలుగురు రైతులు కలిస్తే మాత్రం ఎద పట్టుకోవడానికి దాన్ని మించింది లేదు.

ఆవుల్లో, ముఖ్యంగా పెయ్యల్లో, ఎద అయిపోయిన ఒకటి నుంచి మూడు రోజుల్లో కొద్దిగా రక్తం కనిపించవచ్చు. అది జబ్బు కాదు, ఎద దాటిపోయిందని గుర్తు. అప్పుడు సూది వేయించడం వృథా. ఆ రోజు నుంచి 18 రోజులు లెక్కపెట్టి క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు సూది వేసే పద్ధతి. మీరు వేయరు, నిజమే. కానీ పక్కన నిలబడి చూడాల్సినవి తెలిస్తే సగం నష్టం ఆగుతుంది. మర్యాదగా అడిగితే మంచి పనివాడెవరూ కోప్పడడు.

వీర్యం మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంటుంది. క్యాను లోపలి డబ్బాను మెడ దాకా ఎత్తి, స్ట్రాలు వెతుక్కుంటూ పది సెకన్లకు మించి ఉంచితే పైన ఉన్నవి వేడెక్కుతాయి. మళ్లీ ముంచితే గడ్డకట్టినట్టే కనిపిస్తాయి, కణాలు మాత్రం దెబ్బతింటాయి. ఆ దెబ్బ తిరిగి బాగుపడదు. ఒకే క్యాను నుంచి వేసినవి వరసగా చాలామంది రైతుల దగ్గర తప్పుతున్నాయంటే అనుమానించాల్సింది దీన్ని, క్యానులో నత్రజని తగ్గిపోవడాన్ని.

స్ట్రాను కరిగించడం: 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు. గోరువెచ్చన అని వేలితో చూసి చెప్పేది లెక్కలోకి రాదు, వేలికి 32, 42 మధ్య తేడా తెలియదు. వంద, రెండొందల రూపాయల థర్మామీటరు, ఒక ఫ్లాస్కు మీ కొట్టంలోనే ఉంచండి. ఆయన వచ్చేసరికి నీళ్లు సిద్ధంగా పెడితే పని తేలికవుతుంది. అరచేతుల మధ్య రుద్దడం, చొక్కా జేబులో పెట్టుకోవడం, కుళాయి నీళ్లలో ముంచడం ఇవన్నీ కణాల్ని చంపే పనులే. కరిగాక స్ట్రాను పొడిగుడ్డతో పూర్తిగా తుడవాలి. నీటిచుక్క వీర్యంలో కలిస్తే కణాలు ఉబ్బి చస్తాయి. దూది బిరడా ఉన్న వైపు, వీర్యాన్ని లోపలికి చేర్చే ఉక్కు కడ్డీ అయిన గన్‌లోకి పోవాలి, మూసి ఉన్న రెండో కొసను సెంటీమీటరు మేర అడ్డంగా, నిటారుగా కత్తిరించాలి. ఏటవాలుగా కోస్తే స్ట్రా, గన్ మీద తొడిగే ప్లాస్టిక్ తొడుగైన షీత్‌లో సరిగ్గా కూర్చోక, వీర్యం పక్కల నుంచి వెనక్కి కారిపోతుంది. షీత్ ప్రతి పశువుకూ కొత్తది. కరిగించిన పదిహేను నిమిషాల్లోపు సూది పడిపోవాలి. కరిగించాక పశువును వెతుక్కోవడం కాదు, పశువును కట్టి శుభ్రం చేశాకే కరిగించాలి. చలికాలంలో ఉక్కు గన్ చల్లగా ఉంటుంది, దాన్ని గుడ్డతో రుద్ది కాస్త వెచ్చబెట్టాలి. ఎండాకాలంలో బైకు పెట్టెలో ఉన్న గన్ కాలిపోతుంటుంది, నీడలో చల్లార్చాలి.

మానాన్ని కడిగితే నీళ్లు ఆరేలా పొడి దూదితో తుడవాలి. గన్‌ను మొదట పైకి వంపుగా, ముప్పై నలభై డిగ్రీల కోణంలో పెట్టాలి. తిన్నగా తోస్తే మూత్రద్వారంలోకి పోతుంది. తర్వాత అడ్డంగా చేసి, మలద్వారంలోని చేత్తో గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకుని, గన్‌ను కదపకుండా ముఖద్వారాన్నే దాని మీదికి ఎక్కించాలి. లోపల మూడు నాలుగు వలయాలుంటాయి. ఆఖరి వలయం దాటాక చూపుడువేలికి గన్ మొన తగలగానే అక్కడ ఆగాలి. అక్కడి నుంచి గర్భసంచి మొండెం రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది. ఇంకా తోస్తే ఒక కొమ్ములోకి పోతుంది, లోపలి పొరకు గాయం కూడా కావచ్చు. వెనకే ఆపితే ముఖద్వారంలోనే మిగిలిపోతుంది. వేసినవాడికి కూడా తెలియకుండా జరిగే తప్పు ఈ రెండోదే. నొక్కేటప్పుడు మెల్లగా, అయిదు సెకన్లు పట్టాలి. నొక్కుతూ గన్‌ను వెనక్కి లాగకూడదు. అర నిమిషంలో అంతా ముగించి గ్లవ్ తీసేశాడంటే నాకైతే నమ్మకం కలగదు.

సూది అయ్యాక పశువును పడుకోనివ్వకూడదని, నడుము మీద చన్నీళ్లు పోయాలని, గట్టిగా గిల్లాలని చెబుతారు. అవసరం లేదు. కణాల్ని పైకి చేర్చేది గర్భసంచి కదలికలే. భయపడిన, దెబ్బలు తిన్న పశువులో ఆ కదలికలు మందగిస్తాయి. నాలుగు కిలోమీటర్లు తోలుకొచ్చి, కర్రతో బాది, పశువును కదలకుండా నిలిపే చట్రమైన ట్రావిస్‌లోకి నెట్టి సూది వేయించడం కంటే కొట్టం దగ్గర నీడలో వేయించడం మేలు. తర్వాత కూడా ఒకపూట నీడలోనే కట్టేయండి.

సూది తర్వాత మొదటి వారం పిండానికి వేడి గట్టి శత్రువు. గేదె నల్లగా ఉంటుంది, చెమట గ్రంథులు తక్కువ. ఎండకు ఒళ్లు వేడెక్కితే నిలిచిన పిండం కూడా పోతుంది. రోజుకు రెండు మూడుసార్లు ఒళ్లు తడపండి, చెరువులోనో గుంటలోనో పొర్లనివ్వండి, మేత ఎక్కువ భాగం రాత్రి, తెల్లవారుజామున వేయండి.

ఇక పశువులో లోపం సంగతి. ఎదకు ఎన్ని రోజులకు తిరిగి వస్తోందన్నదే సగం రోగ నిర్ధారణ.

18 నుంచి 24 రోజులకు వస్తే, అండం ఫలదీకరణం కాలేదు, లేదా మొదటి రెండు వారాల్లోనే పిండం పోయింది. సమయం తప్పడం, పద్ధతి తప్పడం, అండం ఆలస్యంగా విడుదల కావడం, గర్భసంచిలో బయటికి కనిపించని వాపు ఇందులోకి వస్తాయి. మీ ఆవు ఈ రకం. 25 నుంచి 40 రోజుల మధ్య వస్తే, చూలు నిలిచి తర్వాత పిండం పోయి ఉండవచ్చు. మీ 34 రోజుల గేదె ఇక్కడికి వస్తుంది. దానికి సూది వేసే చేతిని మార్చి లాభం లేదు, వేడి, మేత, గర్భసంచి వాపు చూడాలి. 42 రోజులకు దగ్గరగా వస్తే మధ్యలో ఒక ఎద మీరు చూడలేదు. పది పన్నెండు రోజులకే వస్తే రెండింటిలో ఒకటి అసలు ఎదే కాదు.

తీగ రంగు తప్పకుండా చూడండి. అద్దంలా ఉంటే మంచిది. అందులో తెల్లటి నలకలు, పసుపు ఛాయ, దుర్వాసన ఉంటే గర్భసంచిలో చీము ఉంది. ఆ ఎదకు సూది వేయించకండి. డాక్టరుకు చూపించి వైద్యం చేయించి, ఒక ఎద వదిలేసి, తర్వాతి తీగ శుభ్రంగా ఉంటేనే వేయించండి. ఈనాక 12 గంటలు దాటినా మాయ పడని పశువుల్లో, మాయను చేత్తో లాగించిన పశువుల్లో ఇది ఎక్కువ. ఈనిన 60 రోజుల లోపు ఎదకు వచ్చినా ఆగండి, గర్భసంచి పాత స్థితికి రావాలి.

తీగ శుభ్రంగా ఉండి, సమయం కూడా సరిగ్గా ఉండి, అయినా 21 రోజులకు తిరిగి వస్తుంటే అండం ఆలస్యంగా విడుదలవుతోందేమో అని చూస్తాం. ఒక సూది వేసిన 24 గంటలకు కూడా ఎద గుర్తులు పోకపోతే అప్పుడు రెండో స్ట్రా అర్థవంతమైనది. ఒకేసారి రెండు కాదు, రోజు తేడాతో రెండు. దాంతోపాటు మొదటి సూది వేళకే డాక్టరు అండం విడుదల చేయించే హార్మోను మందు బుసెరెలిన్ 10 మైక్రోగ్రాములు, అంటే రిసెప్టాల్ అయితే రెండున్నర మి.లీ., ఇస్తే అండం విడుదల కచ్చితమవుతుంది.

ఎదే కనిపించని గేదెలకు ఒక వరస ఉంది: మొదటి రోజు బుసెరెలిన్, ఏడు రోజులకు ఎదకు తెచ్చే హార్మోను మందు క్లోప్రోస్టెనాల్ 500 మైక్రోగ్రాములు, తర్వాత రెండు రోజులకు మళ్లీ బుసెరెలిన్, ఆపైన 16–20 గంటలకు ఎద కనిపించినా కనిపించకపోయినా సూది. ఎండిపోయి అండాశయం నిద్రపోతున్న గేదెకు ఇది సరిగా పనిచేయదు, ముందు దాన్ని మేపాలి. క్లోప్రోస్టెనాల్ చూడి పశువుకు పడితే చూలు పోతుంది. కడుపు ఖాళీ అని డాక్టరు చేతితో చూశాకే వేయాలి. ఇంట్లో గర్భిణులు ఆ సీసాను ముట్టుకోకూడదు, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. మందుల షాపులో కొనుక్కొచ్చి సొంతంగా పొడవడం మాత్రం వద్దు.

మేత గురించి చాలా చెప్పవచ్చు, ఇక్కడ రెండు మాటలు చాలు. వరిగడ్డి, తవుడుతో నెట్టుకొచ్చే గేదెకు ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు దాణాలో కలపాలి. ఎద కోసం వారం ముందు మొదలుపెడితే రాదు, ఈనిన రోజు నుంచే ఇవ్వాలి. పక్కటెముకలన్నీ లెక్కపెట్టగలిగేలా ఉన్న గేదె ఎదకు వచ్చినా నిలబెట్టుకోలేదు. పడ్డలకు వయసు కాదు, బరువు చూడండి: ముర్రా పడ్డ 300 కిలోలు, సంకర పెయ్య 250 కిలోలు దాటాలి. టేపుతో ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే గుణించి, భుజం నుంచి పిరుదు ఎముక దాకా పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 66, పొడవు 46 అయితే దాదాపు 304 కిలోలు.

ఆడదూడల కోసం లింగ నిర్ధారిత వీర్యం అడుగుతుంటారు. ఆడదూడ పుట్టే అవకాశం వందకు 90 దాకా ఉంటుంది. అయితే అందులో కణాలు 20 నుంచి 40 లక్షలే, కట్టే శాతం తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెయ్యకు, మొదటి సూదికి వాడండి. పొర్లే పశువుకు అది డబ్బు దండగ.

దున్న విషయం: ఊరి దున్న ఎన్ని గేదెల దగ్గరి నుంచి వచ్చిందో ఎవరికీ లెక్క ఉండదు. చూలు పోయేలా చేసే బ్రూసెల్లా లాంటి జబ్బులు ఒక దాటుతో మీ ఎనిమిదింటికీ చేరవచ్చు. పరీక్షలు చేయించిన దున్న అయితే పొర్లే గేదెకు ప్రయత్నించడంలో తప్పు లేదు, సరైన గంటను అది మీకన్నా బాగా కనిపెడుతుంది. లేకపోతే వద్దు.

సూది వేయించాక 18వ రోజు నుంచి 24వ రోజు దాకా రాత్రి చూపు మానకండి. ఎదకు రాలేదు కదా అని చూడి అనుకోకండి, గేదెల్లో మూగ ఎద ఉంటుందని చెప్పాను కదా. స్కానింగ్ అందుబాటులో ఉంటే 30 రోజులకే, లేకపోతే 60 నుంచి 90 రోజుల మధ్య చేతి పరీక్ష చేయించండి. చూడితో ఉండి కూడా ఎద లక్షణాలు చూపే పశువులున్నాయి. పరీక్ష లేకుండా గన్ లోపలికి తోస్తే ఉన్న చూలు పోవచ్చు.

మీ మూడు పశువులకు నేను చెప్పేది: 34 రోజుల గేదెను వచ్చే ఎదకు ముందే గర్భసంచి పరీక్ష చేయించండి. ఆవుకు వచ్చే ఎదలో తీగ చూసి, శుభ్రంగా ఉంటే బుసెరెలిన్‌తో పాటు ఒక స్ట్రా, 24 గంటలకు ఎద ఇంకా ఉంటే రెండోది. రోజులు రాయని గేదెకు ఇప్పుడే సూది వద్దు. ముందు కడుపు ఖాళీయో కాదో చూపించి, ఒక ఎద పూర్తిగా గమనించి, ఎద మొదలైన గంట, తీగ రంగు, ఎద తగ్గిన గంట రాయండి. ఆ తర్వాతి ఎదకు సూది వేసిన గంట, స్ట్రా మీది దున్న నంబరు కూడా అదే కాగితం మీద రాసి ఇక్కడ పెడితే మిగతాది చూద్దాం. డాక్టరు దగ్గరలో లేకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.